ఇంటి కాగితాల్లో మన పక్షం ఎవరు?

*అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, బాతెల్ పట్టణం. పన్నెండు లక్షల డాలర్ల ఇల్లయినా సరే, అక్కడ లాయరు ముఖం చూడకుండానే కొనొచ్చు, అమ్మొచ్చు. మామూలు రోజుల్లో దానివల్ల ఇబ్బంది లేదు. ఉద్యోగాలు ఊడుతూ, వీసా గడువులు తరుముతున్న ఈ రోజుల్లో మాత్రం అక్కడి తెలుగువాళ్లు ఒక పాత ప్రశ్న మళ్లీ అడుగుతున్నారు.*

“ఇక్కడ సంతకం. ఇక్కడ పొడి అక్షరాలు. ఈ పేజీ చివర మళ్లీ సంతకం.”

బాతెల్‌లోని క్యాన్యన్ పార్క్ దగ్గర ఓ ఎస్క్రో ఆఫీసు. కొనేవారికీ అమ్మేవారికీ మధ్య డబ్బు, దస్తావేజు చేతులు మార్పించే సంస్థ అది. ఉదయం తొమ్మిది. బల్లకి అటువైపు నోటరీ, ఇటువైపు భార్యాభర్తలు, మధ్యలో అరచేతి మందాన కాగితాల కట్ట. మొదటి పది పేజీలు ఇద్దరూ శ్రద్ధగా చదివారు. తర్వాత శీర్షికలు చూశారు. ఆ తర్వాత పేజీ ఎక్కడ మడత పెట్టి ఉందో అదొక్కటే చూస్తున్నారు. బల్ల మీద నిలబెట్టిన ఫోన్లో అమ్మాయి తండ్రి. గుంటూరులో రాత్రి తొమ్మిదిన్నరైంది. కూతురు ఇల్లు కొనే ఘడియ చూడాలని ఆయన నిద్ర ఆపుకుని కూర్చున్నారు.

“కాగితాలు ప్లీడరుగారికి చూపించారా అమ్మా?”

“ఇక్కడ ప్లీడరు అక్కర్లేదు నాన్నా. అంతా ఎస్క్రో వాళ్లే చూసుకుంటారు.”

“వాళ్లెవరి మనుషులు? మన మనుషులా, అమ్మేవాళ్ల మనుషులా?”

అల్లుడు అందుకున్నాడు. “ఇద్దరి మనుషులేనండీ మావయ్యగారూ.”

“ఇద్దరి మనిషంటే, ఎవరి మనిషీ కాదన్నమాట.”

నోటరీకి తెలుగు రాదు. కానీ పెద్దాయన ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతే కాస్త ముందు వాళ్లు సంతకం పెట్టిన ఒక కాగితంలో అచ్చయి ఉంది: మేం మీ తరఫున గానీ ఎదుటివారి తరఫున గానీ పనిచేయడం లేదు, ఈ పత్రాలు మీ హక్కుల మీద ప్రభావం చూపుతాయి, మీ ప్రయోజనాలూ ఎదుటివారి ప్రయోజనాలూ వేరు కావచ్చు, కావాలంటే మీ లాయరును మీరు పెట్టుకోవచ్చు, మేం న్యాయ సలహా ఇవ్వకూడదు. బాతెల్‌లో ఇల్లు కొన్న ప్రతి కుటుంబానికీ ఇలాంటి కాగితం అందుతుంది. చదివినవాళ్లు తక్కువ.

ఇప్పుడే ఎందుకీ చర్చ?

సియాటెల్‌కి ఈశాన్యంగా, సమామిష్ నది ఒడ్డున, ఒకప్పుడు దుంగలు కోసి బతికిన ఊరు బాతెల్. 1909లో పురపాలక పట్టణమైంది. 2020 జనగణన నాటికి జనాభా 48,161. రెడ్‌మండ్‌లోని మైక్రోసాఫ్ట్‌కీ, సియాటెల్, బెల్‌వ్యూల్లోని అమెజాన్‌కీ కారులో వెళ్లి రాగలిగే దూరం. పిల్లలకి నార్త్‌షోర్ స్కూల్ డిస్ట్రిక్ట్. పండగొస్తే 212వ వీధిలోని హిందూ టెంపుల్ అండ్ కల్చరల్ సెంటర్. సాఫ్ట్‌వేర్ తెలుగువాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? తూర్పు వాకిలి, మూడు బెడ్రూములు, కారు పెట్టుకోవడానికి చోటు. అంతే.

2021లో ముప్పై ఏళ్ల గృహరుణం మీద వడ్డీ 3 శాతం లోపుకి దిగినప్పుడు ఇక్కడ ఇళ్లకి వేలంపాటలే జరిగాయి. ఇన్‌స్పెక్షన్ కూడా వద్దనుకుని ఆఫర్లు పెట్టినవాళ్లున్నారు. ఆ వేడిలో లాయరును తలుచుకునే తీరిక ఎవరికీ లేదు. 2023 అక్టోబరుకి అదే వడ్డీ దాదాపు 7.8 శాతానికి ఎక్కింది. తర్వాత దెబ్బ ఉద్యోగాల మీద పడింది. 2025 మే, జులై నెలల్లో మైక్రోసాఫ్ట్ ప్రపంచవ్యాప్తంగా మొత్తం 15 వేల మందిని తగ్గిస్తున్నట్టు చెప్పింది. అక్టోబరులో అమెజాన్ 14 వేల ఆఫీసు ఉద్యోగాల కోత ప్రకటించింది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. గ్రీన్‌కార్డు లేనివాళ్లకి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ హామీతో ఇచ్చే గృహరుణాలు 2025 మే 25 నుంచే ఆగిపోయాయి.

దాంతో వారాంతపు విందుల్లో మాటల వరస మారింది. ‘ఇల్లు ఎంతకి కొన్నారు?’ స్థానంలో ‘అమ్మాల్సొస్తే ఎలా?’, ‘మనం ఇండియాలో ఉంటే ఇక్కడ సంతకం ఎవరు పెడతారు?’, ‘ఇల్లు ఇద్దరి పేరునా ఉందా?’ వినిపిస్తున్నాయి. ఇవి ఎస్క్రో ఆఫీసు జవాబు చెప్పే ప్రశ్నలు కావు.

లాయరు లేని క్లోజింగ్ ఎలా పుట్టింది?

ధర కుదిరాక రెండు పక్షాల రియల్టర్లు ఈ ప్రాంతపు లిస్టింగ్ సంస్థ అచ్చు ఫారాల్లో ఒప్పందం నింపుతారు. కొనేవారు ఎర్నెస్ట్ మనీ, అంటే మన భాషలో బయానా, ఎస్క్రోలో కడతారు. టైటిల్ కంపెనీ పాత రికార్డులు తవ్వి ప్రాథమిక రిపోర్టు ఇస్తుంది. లెండర్ రుణం ఖాయం చేస్తాడు. అందరి సంతకాలూ అయ్యాక డబ్బు చేరుతుంది, దస్తావేజు కౌంటీలో రికార్డవుతుంది, తాళాలు చేతికొస్తాయి. ఈ ఘట్టమే క్లోజింగ్. ప్రామాణిక ఒప్పందంలో ముందే అచ్చయి ఉండే స్వాధీన సమయం రాత్రి 9 గంటలు. తెల్లవారుజామున పాలు పొంగించాలని ముహూర్తం పెట్టుకున్నవాళ్లు ఆ సంగతి ఒప్పందం రాసేటప్పుడే మాట్లాడుకోవాలి.

ఇంటి దస్తావేజు తయారుచేయడం నిజానికి లాయరు పని. ఎస్క్రో కంపెనీలు కూడా ఆ పని చేయొచ్చని వాషింగ్టన్ శాసనసభ 1979లో చట్టం చేసింది. లాయర్లు కోర్టుకెక్కారు. కాస్లర్ ఎస్క్రో కేసులో 1981లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. న్యాయవాద వృత్తి ఎవరు చేయాలో చెప్పే అధికారం కోర్టుది, శాసనసభది కాదంది. అలాగని అప్పటికే వేలాది కుటుంబాలకు అలవాటైన చవక దారిని మూసేయనూ లేదు. 1983లో తానే ఒక నిబంధన చేసి ‘లిమిటెడ్ ప్రాక్టీస్ ఆఫీసర్’ అనే కొత్త కొలువు సృష్టించింది. ఇక్కడి వాడుకలో ఎల్‌పీవో. పరీక్ష రాసి, లైసెన్సు పొంది, ఆమోదించిన ఫారాలను ఎంచుకుని నింపొచ్చు. సలహా మాత్రం ఇవ్వకూడదు. 1985లో మరో తీర్పు రియల్టర్లకీ లాయర్లు ఆమోదించిన అచ్చు ఫారాలు నింపే వెసులుబాటు ఇచ్చింది.

ఎల్‌పీవోది పెళ్లిలో పురోహితుడి పాత్ర. తంతు లోపం లేకుండా నడిపిస్తారు, మంత్రం తప్పనివ్వరు, ఇరువైపులవారినీ సమానంగా కూర్చోబెడతారు. సంబంధం మంచిదా కాదా అని మాత్రం ఆయన్ని అడక్కూడదు.

[బాక్సు] ఎవరి పని ఏది?

రియల్టర్: ఇల్లు చూపించడం, బేరం, ఫారాలు నింపడం. 2024 జనవరి నుంచి వాషింగ్టన్‌లో కొనేవారు కూడా తమ రియల్టరుతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. కమీషన్ ఎంతో, ఎవరిస్తారో అందులో ఉంటుంది.

లెండర్: తన అప్పు భద్రత చూసుకుంటాడు. మీ భద్రత ఆయన బాధ్యత కాదు.

టైటిల్ కంపెనీ: ఇంటి యాజమాన్య చరిత్ర వెతికి, దానిమీద బీమా రాస్తుంది.

ఎస్క్రో, ఎల్‌పీవో: డబ్బు, దస్తావేజు చేతులు మారే ఘట్టాన్ని తటస్థంగా జరిపిస్తారు.

లాయరు: మీరు పెట్టుకుంటేనే ఉంటారు. ఆ గదిలో మీ ఒక్కరి మేలే చూడాల్సిన బాధ్యత ఉన్న న్యాయ నిపుణుడు ఆయనే.

ఎడిసన్‌లో ఒకలా, లండన్‌లో ఒకలా

ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లు అమెరికాలో రెండు మూలల్లో ఇళ్లు కొంటే, ఫోన్లో ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న అక్క, “మీ లాయరు ఎంత తీసుకున్నాడే?” అంటుంది. బాతెల్ చెల్లెలికి లాయరే లేడు. న్యూజెర్సీలో రియల్టరు రాసిన ఒప్పందంలో మూడు పనిదినాల లాయరు సమీక్ష గడువు తప్పనిసరి. ఆలోపు ఏ పక్షం లాయరైనా ఒప్పందాన్ని తోసిపుచ్చొచ్చు. జార్జియాలో క్లోజింగ్ నడపాల్సింది లాయరే. కాబట్టి అట్లాంటా తెలుగువాళ్లు ధీమాగా ఉంటారు. కానీ ఆ లాయరు సాధారణంగా లెండర్ తరఫు మనిషి. గదిలో లాయరు ఉన్నంత మాత్రాన మన లాయరు ఉన్నట్టు కాదు.

ఇంగ్లండ్‌లో కొనేవారికి ఒకరు, అమ్మేవారికి ఒకరు సొలిసిటర్ ఉండటం ఆనవాయితీ. రుసుము తీసుకుని ఆస్తి బదిలీ పత్రాలు రాసే హక్కును 1804లో పార్లమెంటు న్యాయవాద వర్గానికి కట్టబెట్టింది. 1985 చట్టం ఆ గుత్తాధిపత్యాన్ని తీసేసి లైసెన్సున్న కన్వేయన్సర్లకీ తలుపు తెరిచింది. అయినా అక్కడ ఎవరి మనిషి వారికి ఉంటాడు. ఒప్పంద పత్రాలు మార్చుకునేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు గనుక, నెలల తరబడి కాగితాలు చదివే ఓపికా ఆ పద్ధతిలో భాగమైంది. బాతెల్‌లో నెల రోజుల్లో తాళాలు చేతికొస్తాయి. ఆ వేగానికి మూల్యం ఏమిటంటే, మొదటి రోజు సంతకం పెట్టే ఒప్పందమే మిమ్మల్ని కట్టేస్తుంది.

మన దగ్గర? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా దస్తావేజు లేఖరి, చేతిలో ఈసీ, సంచిలో లింకు డాక్యుమెంట్లు, బ్యాంకు లోనైతే ప్యానెల్ అడ్వకేటు లీగల్ ఒపీనియన్. ఆ ఒపీనియన్ రాసేదీ బ్యాంకు కోసమే. దాన్ని మన రక్షణ అనుకుని నిశ్చింతగా ఉండటం గుంటూరులోనూ ఉంది, బాతెల్‌లోనూ ఉంది.

రికార్డయితే మనదైనట్టేనా?

ఇక్కడ రెండు దేశాల పద్ధతులూ పోల్చదగ్గవే. 1908 నాటి భారత రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుంది, యాజమాన్యానికి పూచీ ఇవ్వదు. అమెరికా కౌంటీ రికార్డరూ అంతే. కాగితం తీసుకుని నంబరు వేస్తారు. అమ్మినవాడిదే ఆ ఇల్లని ఆ నంబరు చెప్పదు. ప్రభుత్వమే యాజమాన్యానికి హామీ ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ చేసిన భూ హక్కుల చట్టం 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. న్యాయవాదులు విధులు బహిష్కరించారు, ఎన్నికల్లో అదే పెద్ద ప్రచారాంశమైంది, 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025లో భూ భారతి వచ్చింది. భూమి ఎవరిదో తేల్చే కాగితం కోసం మనం ఇంకా వెతుకుతూనే ఉన్నాం.

అమెరికా ఆ చిక్కును బీమాతో దాటింది. పాత తాకట్టు, దొంగ సంతకం, బయటపడని వారసుడు, ఇలాంటివి తర్వాత తేలితే టైటిల్ బీమా కంపెనీ కోర్టు ఖర్చు భరిస్తుంది, పాలసీ మేరకు నష్టం కడుతుంది. వాషింగ్టన్‌లో యజమాని పాలసీకి సాధారణంగా అమ్మేవారు, లెండర్ పాలసీకి కొనేవారు ప్రీమియం కడతారు. ఒక్కసారే.

అయితే బీమా దేనికి వర్తించదో రిపోర్టులోనే రాసి ఉంటుంది. ఆ జాబితా పేరు షెడ్యూల్ బీ. పక్కింటివాళ్లు మీ పెరట్లోంచి నడిచే హక్కు, గ్యాస్ పైపు కోసం వదలాల్సిన చోటు, అద్దెకివ్వడం మీద హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) పెట్టిన షరతులు అందులో వరసగా ఉంటాయి. పెరట్లో మరో చిన్న గది కట్టి అమ్మానాన్నల్ని ఉంచుకోవాలనుకున్నవాళ్లకి అందులోని ఒక్క పంక్తి ఆశల్ని తుడిచేయగలదు. ఎస్క్రో ఆ జాబితా మీకు పంపిస్తుంది, అర్థం విడమరచదు.

బాతెల్‌కి ఇంకో విశేషం ఉంది. కింగ్, స్నోహోమిష్ కౌంటీల సరిహద్దు ఊరి మధ్యలోంచి పోతుంది. ఒక వీధి దస్తావేజులు సియాటెల్‌లో, మరో వీధివి ఎవరెట్‌లో రికార్డవుతాయి. పైగా తపాలా చిరునామాలో బాతెల్ అని ఉన్నా నగర హద్దుల బయట, నేరుగా స్నోహోమిష్ కౌంటీ పాలనలో ఉన్న కాలనీలు చాలా. పర్మిట్లు ఎవరివ్వాలి, నిర్మాణ నియమాలెవరివి అన్నది చిరునామా చూసి చెప్పలేం.

పాత దస్తావేజు చెప్పే కథ

ఈ రిపోర్టులు తిరగేస్తుంటే ఒక్కోసారి చేదు నిజాలూ తగులుతాయి. కింగ్ కౌంటీలోని పాత లేఅవుట్ల దస్తావేజుల్లో, తెల్లవారు కానివారికి ఈ స్థలం అమ్మరాదు, వారు ఇక్కడ నివసించరాదు అన్న షరతులు కనిపిస్తాయి. అలాంటివాటిని కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లోనే చెప్పింది. అక్షరాలు మాత్రం కాగితాల్లో ఉండిపోయాయి. వాటిని వెతికి తీయమని వాషింగ్టన్ రాష్ట్రం 2021లో రెండు విశ్వవిద్యాలయాలకు చట్టం ద్వారా పని అప్పగించింది. తమ దస్తావేజులో అలాంటి షరతు ఉన్న యజమాని దాన్ని రద్దుచేసే పత్రాన్ని కౌంటీలో రుసుము లేకుండా రికార్డు చేయించుకోవచ్చు.

అంతకన్నా వెనక్కి వెళ్తే, ఈ నేల మీద మనలాంటివాళ్లకి ఇల్లు కొనే హక్కే లేదు. 1907 సెప్టెంబరులో బెల్లింగ్‌హామ్ రంపపు మిల్లుల్లోని పంజాబీ కార్మికుల్ని మూకలు తరిమేశాయి. నవంబరులో అదే ఘోరం ఎవరెట్‌లో జరిగింది. నేడు ఉత్తర బాతెల్ ఇళ్ల దస్తావేజులు రికార్డయ్యే ఊరదే. పౌరసత్వానికి అనర్హులైన ఆసియావాసులు భూమి కొనకుండా, కౌలుకీ తీసుకోకుండా వాషింగ్టన్ 1921లో చట్టం చేసింది. అప్పట్లో దాని గురి జపాన్‌వాళ్ల మీద. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చాక ఆ వల మనవాళ్ల మీదా పడింది. ఒక జపనీయుడికి భూమి కౌలుకివ్వాలనుకున్న కింగ్ కౌంటీ రైతు దంపతులు వేసిన కేసులో, అదే ఏడాది నవంబరులో ఆ కోర్టే వాషింగ్టన్ చట్టాన్ని సమర్థించింది. 1946లో భారతీయులకు పౌరసత్వ ద్వారం తెరుచుకుంది. భూమి మీద ఆంక్షల్ని వాషింగ్టన్ ఓటర్లు తొలగించింది మాత్రం 1966లో.

ఇప్పుడు వీసా మీద ఉన్నవాళ్లు కూడా బాతెల్‌లో నిశ్చింతగా ఇల్లు కొంటున్నారంటే, దానివెనక ఇంత కథ ఉంది. ఆ కథలో ప్రతి మలుపూ కోర్టుల్లో, చట్టాల్లో, కాగితాల మీద జరిగిందే.

భార్య పేరు, పుట్టింటి డబ్బు

వాషింగ్టన్ ‘కమ్యూనిటీ ప్రాపర్టీ’ రాష్ట్రం. పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి ఎవరి పేరున ఉన్నా సాధారణంగా ఇద్దరిదీ. అలాంటి ఇంటిని అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా భార్యాభర్తలిద్దరి సంతకాలూ కావాలి. వినడానికి ఆడవాళ్లకి ఇంతకన్నా భరోసా ఏముంటుంది?

చిక్కు రుణం దగ్గర వస్తుంది. హెచ్-4, అంటే హెచ్-1బీ ఉద్యోగి మీద ఆధారపడిన వీసా, మీద ఉన్న భార్యకి సొంత ఆదాయం ఉండకపోవచ్చు. హెచ్-4లో కొందరికి పనిచేసే అనుమతి 2015లోనే వచ్చినా అందరికీ అది లేదు. అప్పుడు రుణం భర్త పేరునే తీసుకుంటారు. కాగితాల కట్టలో భార్య కోసం ఒక క్విట్ క్లెయిమ్ దస్తావేజు వచ్చే సందర్భాలున్నాయి. ఈ ఇంటిమీద నాకున్న హక్కు వదులుకుంటున్నాను అని దాని సారాంశం. “లోన్ కోసమేలే” అంటారు. ఆమె సంతకం పెడుతుంది. పదేళ్ల తర్వాత విడాకులో, ఆస్తి తగాదాయో వస్తే ఆ ఒక్క పేజీ చుట్టూ వాదన నడుస్తుంది. ఆ కాగితం అవసరమా, వేరే దారి ఉందా, సంతకం పెట్టాక ఆమె పేరు మళ్లీ ఎలా చేర్చాలి అన్నవి ఆ బల్ల దగ్గర ఎవరూ చెప్పలేని సంగతులు. చెప్పకూడదన్నది వాళ్ల లైసెన్సులోని నియమం కూడా.

అలాంటిదే పుట్టింటి డబ్బు. పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం అమ్మి తండ్రి పంపిన డబ్బుతో డౌన్ పేమెంట్ కట్టే కుటుంబాలున్నాయి. ఆర్‌బీఐ నియమాల ప్రకారం ఒక్కొక్కరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి, ఇలా పంపే కానుకల్లో పది లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ వసూలు చేస్తుంది. అది పంపినవారి ఆదాయపన్నులో సర్దుబాటవుతుంది. ఇక్కడి లెండరు, ఇది తిరిగి ఇవ్వక్కర్లేని కానుక అని ఉత్తరం అడుగుతాడు. ఆ ఉత్తరంలో ‘మా అమ్మాయికి’ అని ఉందా, ‘మా అమ్మాయి, అల్లుడికి’ అని ఉందా? వాషింగ్టన్ చట్టంలో ఒకరికే ఇచ్చిన కానుక వారి సొంత ఆస్తి. ఇద్దరి ఉమ్మడి ఖాతాలో కలిసి, లెక్క చెరిగిపోతే దాన్ని రుజువు చేయడం కష్టం. డబ్బు రాకముందు లాయరుతో మాట్లాడాల్సిన విషయమిది.

అమ్మి వెళ్లేవాళ్లకి

ఇల్లు అమ్మేటప్పుడు వాషింగ్టన్‌లో మొదటి దెబ్బ ఎక్సైజ్ ట్యాక్స్. లాభం వచ్చినా రాకపోయినా, అమ్మిన ధర మీద పడుతుంది. కట్టాల్సింది అమ్మేవారే.

[బాక్సు] పన్నెండు లక్షల డాలర్ల ఇల్లు అమ్మితే...

తొలి 5,25,000 డాలర్ల మీద 1.1 శాతం: 5,775 డాలర్లు

మిగిలిన 6,75,000 మీద 1.28 శాతం: 8,640 డాలర్లు

రాష్ట్రానికి మొత్తం: 14,415 డాలర్లు

స్థానిక వాటా 0.5 శాతమైతే: 6,000 డాలర్లు

కలిపి: 20,415 డాలర్లు. ధర 15,25,000 దాటితే ఆపై భాగానికి రాష్ట్రం రేటు 2.75 శాతం. 30,25,000 దాటితే 3 శాతం.

రెండో దెబ్బ మరీ పెద్దది. అమెరికా పన్ను చట్టం దృష్టిలో విదేశీయుడైన వ్యక్తి ఇక్కడి ఇల్లు అమ్మితే, కొనేవారు ధరలో 15 శాతం పట్టుకుని అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కి కట్టాలి. దీన్ని ఫిర్‌ప్టా అంటారు. హెచ్-1బీ మీద ఇక్కడే ఉంటున్నవారు సాధారణంగా పన్ను లెక్కలో రెసిడెంట్లే, కాబట్టి విదేశీయుణ్ని కానని డిక్లరేషన్ ఇచ్చి బయటపడతారు. అదే మనిషి ఉద్యోగం పోయి హైదరాబాద్ వెళ్లిపోయి, ఇల్లు అద్దెకిచ్చి, రెండేళ్ల తర్వాత అమ్మితే? పన్నెండు లక్షల ఇంటికి 1,80,000 డాలర్లు క్లోజింగ్‌లోనే ఆగిపోతాయి. లాభంలో కాదు, మొత్తం ధరలో. రుణం తీర్చగా చేతికొచ్చేది అంతకన్నా తక్కువైతే జేబులోంచి కట్టాల్సిన పరిస్థితి. అసలు పన్ను తక్కువే అయితే తగ్గింపు సర్టిఫికెట్‌కి ముందే దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా రిటర్ను వేసి వాపసు తెచ్చుకోవచ్చు. కొనేవారు తమ నివాసం కోసమే కొంటూ, ధర పది లక్షల లోపుంటే 10 శాతం, మూడు లక్షల లోపైతే సున్నా. బాతెల్ ధరల్లో మూడు లక్షల మాట మరచిపోవచ్చు.

కొనేవారు కూడా ఇది పరాయి గొడవ అనుకోకూడదు. పట్టుకోవాల్సిన సొమ్ము పట్టుకోకపోతే బాధ్యత కొనేవారిదే.

సంతకం సంగతి కొంత సులువైంది. తెరమీద నోటరీ ముందు సంతకం పెట్టే పద్ధతిని కోవిడ్ అత్యవసరంతో 2020 మార్చిలో వాషింగ్టన్ అనుమతించింది, అదే ఏడాది అక్టోబరు నుంచి శాశ్వత చట్టమైంది. వెళ్లేముందే ఇక్కడి మిత్రుడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి వెళ్లే పద్ధతీ ఉంది. అయితే దాన్ని టైటిల్ కంపెనీ, లెండరు ముందుగా ఒప్పుకోవాలి. విమానం ఎక్కాక ఒక పదం తప్పని తేలితే, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో నోటరీ అపాయింట్‌మెంట్ కోసం చూస్తూ కూర్చోవాలి. 60 రోజుల గడువులో ఉన్నవాళ్లకి ఒక్కో వారం విలువైనదే.

అమ్మేవారికి మరో హెచ్చరిక: ఫామ్ 17. ఇంటి లోపాలు మీకు తెలిసినంతవరకు చెప్పే ప్రకటన పత్రం ఇది. అది అందాక కొనేవారికి వెనక్కి తగ్గడానికి మూడు పనిదినాలుంటాయి. తొందరలో అన్నిటికీ ‘తెలియదు’ అని గీతలు పెట్టి వెళ్లిపోతే, కారిన పైకప్పు బిల్లు హైదరాబాద్ దాకా వెతుక్కుంటూ వస్తుంది.

[బాక్సు] ఒక్క ఈమెయిల్‌తో

క్లోజింగ్‌కి రెండు రోజుల ముందు ఎస్క్రో పేరుతో మెయిల్ వస్తుంది: ‘మా ఖాతా మారింది, డబ్బు ఈ నంబరుకి వైర్ చేయండి.’ పేరు, ఫైలు నంబరు, ఇంటి చిరునామా అన్నీ సరిగ్గానే ఉంటాయి. డబ్బు మాత్రం దొంగలకి చేరుతుంది. ఇళ్ల కొనుగోళ్లతో సహా ఇలాంటి వ్యాపార మెయిల్ మోసాల్లో 2023లో దాదాపు 290 కోట్ల డాలర్లు పోయాయని ఎఫ్‌బీఐకి ఫిర్యాదులందాయి. మెయిల్లో ఉన్న నంబరుకి కాకుండా, మొదటి రోజు మీరే రాసిపెట్టుకున్న నంబరుకి ఫోన్ చేసి ఖాతా వివరాలు నోటితో సరిచూసుకోండి. ఖాతా మారిందంటే ఆగిపోండి.

లాయరు ఎప్పుడు తప్పదు?

ప్రతి ఇంటికీ లాయరు కావాలనడం అబద్ధం. ప్రామాణిక ఫారం మీద, చిక్కులేని టైటిల్‌తో, ఇద్దరూ సంపాదించే జంట పాత ఇల్లు కొంటుంటే వాషింగ్టన్ పద్ధతి చక్కగానే నడుస్తుంది. నలభై ఏళ్లుగా నడుస్తోంది. కానీ ఈ సందర్భాల్లో కాగితం లాయరు చేతికి వెళ్లాలి:

బిల్డరు ఒప్పందం: కొత్త టౌన్‌హోమ్‌లకి చాలామంది బిల్డర్లు సొంత ఒప్పందం పెడతారు. ఆలస్యమైతే ఏమిటి, గొడవొస్తే కోర్టా ఆర్బిట్రేషనా, బయానా ఎప్పుడు పోతుంది అన్నీ వాళ్లకు అనుకూలంగా రాసుకున్నవే ఉంటాయి.

ఉమ్మడి కొనుగోలు: అన్నదమ్ములో, ఇద్దరు స్నేహితులో కలిసి కొంటే ఎవరి వాటా ఎంత, ఒకరు పోతే ఆ వాటా ఎవరిది, ఒకరు అమ్ముతానంటే ఏమిటి అన్నవి దస్తావేజులోని రెండు పదాల మీద ఆధారపడతాయి.

కాండో, హెచ్‌ఓఏ: రీసేల్ సర్టిఫికెట్‌లో సంఘం నిధులు, కేసులు, రాబోయే మరమ్మతుల లెక్కలు ఉంటాయి. చదివి వెనక్కి తగ్గడానికి చట్టం ఇచ్చే గడువు చిన్నది.

వారసత్వం: పిల్లలు చిన్నవాళ్లు, తాతయ్యలు ఇండియాలో. తదనంతరం ఇల్లు ఎవరికి చెందాలో చెప్పే దస్తావేజును వాషింగ్టన్ 2014 నుంచి అనుమతిస్తోంది. మైనర్ల పేరున నేరుగా రాసేస్తే వచ్చే చిక్కులు లాయరు చెప్పాలి.

ఒప్పందం తప్పడం: మధ్యలో ఉద్యోగం పోయింది, రుణం రాలేదు. బయానా జప్తే అమ్మేవారికున్న ఏకైక పరిహారమని ఒప్పందంలో ఉంటే, జప్తు ధరలో 5 శాతానికి మించకూడదని వాషింగ్టన్ చట్టం చెబుతుంది. పన్నెండు లక్షల ఇంటికి అదే 60 వేల డాలర్లు. రుణం దొరక్కపోతే తప్పుకునే వాక్యం ఉందో లేదో అన్నదే ఆ 60 వేల విలువ చేస్తుంది.

ఈ ఊళ్లో గంట లెక్కన కాగితం చదివిపెట్టే రియల్ ఎస్టేట్ లాయర్లున్నారు. వాళ్లని పిలవాల్సింది క్లోజింగ్ రోజున కాదు, ఆఫర్ మీద సంతకం పడకముందు. వేలంపాటలో ఆ తీరిక లేకపోతే, లాయరు చూసి ఒప్పుకునేదాకా ఖాయం కాదన్న వాక్యాన్ని ఆఫర్‌లో పెట్టమని రియల్టర్ని అడగొచ్చు. పోటీ ఎక్కువ ఉంటే అమ్మేవారు దానికి ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు కనీసం బిల్డరు ఫారం, ఫామ్ 17, టైటిల్ రిపోర్టు వచ్చిన రోజే ముందు పెట్టుకుని కూర్చోవాలి. అర్థం కాని పంక్తికి గీత గీసి, ఆ గీతలకు మాత్రమే లాయరు సమయం కొనుక్కోవాలి.

స్కూలు రేటింగులు వరసగా చెప్పగలిగినవాళ్లం, దిక్సూచి యాప్ పట్టుకుని వాకిలి తూర్పుకే ఉందా, నాలుగు డిగ్రీలు ఈశాన్యానికి తిరిగిందా అని కొలిచేవాళ్లం. తూర్పు వాకిలి కోసం ఆరు నెలలు తిరిగే ఓపిక ఉన్నవాళ్లకి, ఆ ఇంటి షెడ్యూల్ బీ చదవడానికి ఒక సాయంత్రం దొరక్కపోదు.